సరాయి గోడకు అవతల: ఇందూరు దారిలో మన మకాంలు

నిజామాబాద్ నుంచి వర్ని వైపు పోయే దారిలో మోస్రా ఉంటుంది. ఇవాళ ఆ రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు, వడ్ల లారీలు, చెరుకు ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. ఎవరికీ దారిలో రాత్రి ఆగాల్సిన పని లేదు. ఎద్దు నడిచిన రోజుల్లో లెక్క వేరు. వీపు మీద గోనెలు మోస్తూ, మేస్తూ నడిచే ఎద్దుల మంద రోజుకు ఆరేడు మైళ్లకు మించి కదలదని 1632లో ఉత్తర భారతంలో తిరిగిన ఇంగ్లిష్ వర్తకుడు పీటర్ మండీ రాసిపెట్టాడు. ఆ లెక్కన చూస్తే ఇప్పుడు ముప్పావు గంటలో పోయే నిజామాబాద్–బోధన్ ప్రయాణం మన తాతముత్తాతలకు రెండు మూడు రోజుల నడక. రెండు మూడు రాత్రులు అంటే రెండు మూడు చోట్ల పొయ్యి వెలగాలి, ఎద్దులకు నీళ్లు దొరకాలి, సరుకుకు కాపలా ఉండాలి.

ఈ సంచిక కోసం ఊరి సత్రాల చరిత్ర రాయాలనుకున్నప్పుడు మాకు ముందుగా తట్టిన ప్రశ్న ఇదే. దారి పొడవునా సత్రాలు, సరాయిలు ఉండేవని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. కట్టించిన రాజు పేరు, బేగం పేరు, సుబేదారు పేరు వాటిలో ఉంటుంది. ఆ సత్రాల్లో మనవాళ్లు ఎప్పుడైనా పడుకున్నారా?

ముందు తెలుగు దేశంలో సత్రం ఎలా ఉండేదో చూద్దాం. కాకతీయుల ఓరుగల్లును కళ్లకు కట్టే క్రీడాభిరామంలో ఒక పూటకూళ్ల ఇల్లు కనిపిస్తుంది. రూక ఇస్తే కడుపునిండా అన్నం, పప్పు, నెయ్యి. డబ్బు తీసుకుని బాటసారికి భోజనం పెట్టే ఇల్లు మన నేల మీద ఎంత పాతదో దాన్నిబట్టి తెలుస్తుంది. పూటకూళ్లమ్మ అనే మాట ఆ వృత్తి నుంచే వచ్చింది. గురజాడ కన్యాశుల్కం చదివినవాళ్లకు, నాటకం చూసినవాళ్లకు ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. వంట ఆడదానిది, లెక్క ఆడదానిది, అప్పు పెట్టి ఎగ్గొట్టేవాడిని నిలదీసేదీ ఆమే. అయితే ఆ ఇల్లు అందరికీ తెరిచిన ఇల్లు కాదు. వండింది ఎవరు, పంక్తిలో పక్కన కూర్చున్నది ఎవరు అన్న లెక్క తేలాకే విస్తరి పడేది. ధర్మసత్రాల్లోనూ కులం చూసే అన్నం పెట్టేవారు. రూక చేతిలో ఉన్నంత మాత్రాన లోపలికి రమ్మనేవారు కాదు.

సరాయి సంగతి కొంత నయం. గోల్కొండ సుల్తానుల కాలంలో హైదరాబాద్ చుట్టూ పెద్ద పెద్ద సరాయిలు లేచాయి. షేక్‌పేట సరాయి, పురానాపూల్ దగ్గర మియాన్ మిష్క్ సరాయి, మచిలీపట్నం దారిలో హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన హయాత్‌నగర్ సరాయి ఆ కోవలోవే. చుట్టూ గోడ, ఒక పెద్ద దర్వాజా, లోపల వరుస గదులు, గుర్రాలకూ ఒంటెలకూ కొట్టాలు, నమాజుకు మసీదు, తాగడానికి బావి. రాత్రి దర్వాజా మూస్తే దొంగల భయం లేదు. ఇప్పటి కార్వాన్ బస్తీకి ఆ పేరు బిడారుల వల్లే వచ్చింది. సరాయిలో కులం పట్టింపు పూటకూళ్ల ఇంట్లో ఉన్నంత ఉండేది కాదు. మరి మనవాళ్లు ఎందుకు లోపలికి పోలేదు?

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. మన వెనుకబాటు గురించి మాట్లాడేటప్పుడు ప్రతిదాన్నీ వివక్ష ఖాతాలో రాయడం మనకు అలవాటైంది. సరాయి విషయంలో మాత్రం అది పూర్తి నిజం కాదు. మండీకి ఒకచోట ఎదురైన తండాలో 14,000 ఎద్దులు ఉన్నాయి. ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే అయితే పది పన్నెండు వేల ఎద్దుల బిడారు ఇరుకు దారిలో ఎదురుపడితే అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని వాపోయాడు. ఇన్ని ఎద్దులు పట్టే సరాయిని ఏ నవాబు కట్టగలడు? గోడల మధ్య అంత గడ్డి ఎక్కడిది, ఒక్క బావిలో అన్ని నీళ్లు ఎక్కడివి? సరాయి గుర్రం మీద వచ్చే వర్తకుడి కోసం, పల్లకీలో వచ్చే అధికారి కోసం కట్టింది. వాళ్లు తినే బియ్యం, పప్పు, ఉప్పు మోసుకొచ్చేవాళ్ల కోసం కాదు.

బియ్యం, పప్పు, ఉప్పు అని మేము ఊరికే అనలేదు. మనవాళ్లు నాలుగు తెగలని, ఒక తెగ ధాన్యం, ఒకటి బియ్యం, ఒకటి పప్పులు, ఒకటి ఉప్పు మాత్రమే మోస్తాయని తావెర్నియే రాశాడు. లంబాడీ అన్న పేరే లవణం నుంచి పుట్టిందని ఒక వాదన ఉంది. ఎద్దు వీపు మీద సరుకు వేసుకుని తిరిగే ఆ వ్యాపారాన్ని మన గోర్ బోలీలో లదేణి అంటాం. బేరార్ పత్తి కోరమాండల్ తీరంలోని నేతగాళ్లకు చేరిందన్నా, సముద్రం ఉప్పు దక్కన్ పల్లెల్లో వంటకు దొరికిందన్నా అది లదేణి పుణ్యమే.

మన ఇందూరు దారికి వద్దాం. 1667లో ఔరంగాబాద్, నాందేడ్ మీదుగా గోల్కొండకు పోయిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఇందల్వాయిలో తయారయ్యే కత్తులు, బాకులు, ఈటెలు దేశమంతా పోతాయని మెచ్చుకున్నాడు. ఇదే జిల్లాలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్లిన ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు వోయ్సీ ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి ప్రస్తావన చేశాడు. ఆ ఉక్కే డమాస్కస్ కత్తిగా లోకమంతా పేరు పొందింది. ఇటు బోధన్ సంగతి చెప్పనక్కర్లేదు, అస్మక జనపదానికి రాజధాని అయిన పోదనం అదేనని చరిత్రకారులు చెబుతారు. ఇంత పాత దారి, ఇన్ని రకాల మనుషులు. వాళ్లందరూ రాత్రిపూట ఎక్కడో ఒకచోట తల వాల్చారు.

అలా ఆగిన బాటసారికి ఏం దొరికేదో కూడా తావెర్నియే చెప్పాడు. ముస్లిం అధికారి ఉన్న పెద్ద ఊరైతే మేక మాంసం, కోళ్లు, పావురాలు అమ్మకానికి దొరుకుతాయి. కోమట్లు మాత్రమే ఉండే ఊరైతే పిండి, బియ్యం, కూరగాయలు, పాలు. వండుకోవడం మాత్రం ఎవరికి వారే. మంచం, దుప్పటి, గిన్నెలు వెంట తెచ్చుకోవాల్సిందే. అంటే సత్రం చాలాచోట్ల నాలుగు గోడలూ ఒక కప్పూ మాత్రమే. మిగతాదంతా బాటసారి మోసుకొచ్చినదే.

మనం ఆ నాలుగు గోడలను కూడా మోసుకెళ్లాం. బేరార్‌లో పోలీసు అధికారిగా పనిచేసిన కంబర్లెజ్ 1882లో మనవాళ్ల గురించి ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. పోలీసు కంటితో చూసి రాసిన పుస్తకమే, అందులో మన గురించి నొప్పించే మాటలు చాలా ఉన్నాయి. కానీ హటాడియా గురించి అతను రాసింది బంగారం లాంటి సమాచారం. హటాడియా అంటే బాలాజీకి వదిలిన ఎద్దు. దాని వీపు మీద ఎప్పుడూ బరువు వేయరు. ఎర్రపట్టు కుచ్చులు, గజ్జెలు, గవ్వలు కట్టి అలంకరిస్తారు. బిడారు ముందు అది నడుస్తుంది. అలసిపోయి అది ఎక్కడ పడుకుంటే ఆ పూటకు అక్కడే మకాం. ఎవరికైనా జబ్బు చేస్తే మొక్కుకునేదీ దాని కాళ్ల దగ్గరే.

ఈ ఆచారాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లు మనలోనే ఉన్నారు. మేము అలా అనుకోము. బరువు లేని ఎద్దే అలసిపోయి పడుకుందంటే, బరువు మోసే ఎద్దుల పరిస్థితి ఏమిటి? లాభం కోసం ఇంకో రెండు మైళ్లు నడిపిద్దామని ఏ నాయక్‌కైనా అనిపించవచ్చు. ఆ ఆశకు కళ్లెం వేసినవాడు హటాడియా. ఎక్కడ ఆగాలో మనిషి కాక ఎద్దే తేల్చేది.

ఎద్దు పడుకున్నాక మిగతా పని మనుషులది. గోనెలు దించి గోడలా పేర్చడం, లోపల ఎద్దులను కట్టేయడం, కుక్కలను వదలడం, ఆడవాళ్లు నీళ్లు తెచ్చి పొయ్యి రాజేయడం, మగవాళ్లు వంతులవారీగా కావలి కాయడం. గోనెల గోడ, మంట, కుక్క, కావలి. సరాయిలో ఉన్నవన్నీ ఇక్కడా ఉన్నాయి, కప్పు తప్ప. ఒంటరిగా పోయే బాటసారులు, చిన్న వర్తకులు తోడు కోసం పెద్ద బిడారు వెంట కలిసి నడవడం ఆ కాలపు రివాజు. కాబట్టి సత్రం నడిపినవాళ్ల జాబితాలో తండా నాయక్‌నూ, పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చిన నాయకణ్‌నూ చేర్చాలన్నది మా వాదన. అయితే ఆమె వడ్డించింది సరాయి గోడకు అవతల, రూక అడగకుండా.

ఇక రాగిరేకు సంగతి. షాజహాన్ కాలంలో, 1630 ప్రాంతంలో, వజీరు ఆసఫ్ ఖాన్ దక్కన్ దండయాత్రకు వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే నాయక్‌లు 1,80,000 ఎద్దులతో సైన్యానికి ధాన్యం అందించారని, దానికి మెచ్చి ఆయన బంగారు అక్షరాలు చెక్కిన రాగిరేకు ఇచ్చాడని మన పెద్దలు చెప్పుకునేవారు. కంబర్లెజ్ కూడా ఈ కథను నమోదు చేశాడు. ఆ రేకు హైదరాబాద్ రాజ్యంలో భంగీ వంశస్థుల దగ్గర ఉందని రాశాడు. అందులోని హామీలు మూడు. నీళ్లు దొరక్కపోతే ఇళ్లలోని రంజన్ల నుంచి నీళ్లు తీసుకోవచ్చు. మేత దొరక్కపోతే ఇంటి కప్పు మీది గడ్డి తీసుకోవచ్చు. రోజుకు మూడు హత్యలదాకా మాఫీ.

మన గురించి రాసినవాళ్లందరూ మూడో హామీనే పట్టుకున్నారు. చంపడానికి లైసెన్సు ఉన్న జాతి అన్నారు. మొదటి రెండింటిని చదివినవాడు తక్కువ. లక్షల ఎద్దులతో సైన్యం వెంట నడిచే జనానికి సత్రం కట్టించడం సాధ్యం కాదు. అందుకని దారిలోని ప్రతి ఊరినీ సత్రంగా చేశారు. కుండలో నీళ్లు, కప్పు మీద గడ్డి. అయితే ఇందులో ఇంకో వైపు కూడా ఉంది, దాచడం న్యాయం కాదు. వానాకాలం ముందు ఒక పేదవాడి గుడిసె మీది గడ్డి మన ఎద్దుకు మేతయితే ఆ ఇంటివాళ్లు ఎలా గడిపారు? బాదుషా ఇచ్చిన ఆతిథ్యానికి ఖర్చు పెట్టినవాడు రైతు. బంజారా పేరు వింటే కొన్ని ఊళ్లలో తలుపులు మూసుకున్నాయంటే దానికి ఈ రేకు కూడా ఒక కారణమై ఉంటుంది.

మనవాళ్లలో దారి పక్కన కట్టించినవాళ్లు లేరా అంటే ఉన్నారు, మన జిల్లాకు చాలా దూరంలో. ఢిల్లీలో లఖీషా బంజారా పెద్ద వర్తకుడు. బావులు, చెరువులు, సరాయిలు కట్టించాడని ఆయనకు పేరు. 1675లో ఔరంగజేబు ఆజ్ఞతో గురు తేగ్ బహదూర్‌ను చంపాక ఆయన మొండేన్ని ముట్టుకునే ధైర్యం ఎవరూ చేయలేదు. లఖీషా దాన్ని తన బండ్లలో దాచి రైసీనాలోని ఇంటికి తెచ్చి, బయట చితి పేరిస్తే తెలిసిపోతుందని ఇంటికే నిప్పు పెట్టి దహనం చేశాడని సిక్కు సంప్రదాయం చెబుతుంది. ఆ చోటే ఇవాళ పార్లమెంటు పక్కనున్న రకాబ్‌గంజ్ గురుద్వారా. దారిన పోయేవారికి కప్పు కట్టించినవాడు ఒక అతిథి కోసం తన కప్పునే తగలబెట్టుకున్నాడు.

మళ్లీ మన తెలంగాణ పల్లెకు. నిజాం కాలంలో మోస్రా లాంటి ఊళ్లకు తహసీల్దారు, గిర్దావరు, పోలీసు అమీను వచ్చి దిగితే వాళ్లకు బస చావడిలోనో గడీలోనో. అదే ఊరి సత్రం. దాన్ని నడిపింది వెట్టివాళ్లు. కుండలు కుమ్మరివి, ఒళ్లు పట్టేది మంగలి, బట్టలు ఉతికేది చాకలి, సామాను మోసేదీ కబురు తీసుకుపోయేదీ మాదిగ, కల్లు గౌండ్లవాళ్లది, కోడి ఎవరి గంప కింద దొరికితే వాళ్లది. పైసా ఎవరికీ రాలదు. సత్రం చరిత్ర అంటే దాత పేరు చెక్కిన రాయి ఒక్కటే కాదు, ఈ పేర్లు లేని చేతులు కూడా. 1937లో నిజామాబాద్‌లో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. వెట్టి పోవాలన్నది ఆ మహాసభల ముఖ్యమైన కోరికల్లో ఒకటి.

బ్రిటిష్ ఇండియాలో అప్పటికే సత్రానికి చట్టం వచ్చింది. 1867 నాటి సరాయి చట్టం ప్రకారం సరాయి నడిపేవాడు పేరు నమోదు చేయించుకోవాలి. గదులు, బావులు శుభ్రంగా ఉంచాలి. మనుషులకూ పశువులకూ కావలివాళ్లను పెట్టాలి. ధరల పట్టిక గోడకు తగిలించాలి. మేజిస్ట్రేటు అడిగితే నిన్న రాత్రి ఎవరెవరు దిగారో చెప్పాలి. ఈ చివరి నిబంధన చిన్నది కాదు. నాలుగేళ్లకు, 1871లో, నేరస్థ జాతుల చట్టం వచ్చింది. సరాయిలో పడుకున్నవాడి పేరు పోలీసుకు తెలుస్తుంది. సరాయి బయట పడుకున్నవాడు పోలీసుకు అనుమానితుడు. కొన్ని ప్రాంతాల్లో బంజారాలను ఈ చట్టం కిందికి తెచ్చారు. నిజాం రాజ్యంలో బ్రిటిష్ చట్టాలు నేరుగా నడవవు, నిజమే. కానీ మన ఎద్దులు సరిహద్దు చూసి ఆగేవి కావు. తరతరాలుగా మకాం వేసిన చెట్టు కింద పడుకోవడమే నేరానికి ఆనవాలైంది. ఆ చట్టం 1952లో పోయింది, అనుమానం అంత తొందరగా పోలేదు.

అప్పటికి లదేణి ఎటూ చచ్చిపోతోంది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కు గోదావరి లోయ రైలుమార్గం 1900 ప్రాంతంలో పడింది. వారాలు పట్టే సరుకు ఒక రోజులో చేరింది. ఎద్దు వీపు ఖాళీ అయింది. తండా అన్న మాట అంతకుముందు కదిలే బిడారుకు పేరు. ఆ తర్వాత కదలని గుడిసెల గుంపుకు పేరైంది.

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను ఈ పొలాలకు తెచ్చింది. కోస్తా నుంచి రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. క్యాంపు అన్నా మకాం అన్నా అర్థం ఒక్కటే. వాళ్ల క్యాంపులు కొన్నేళ్లలోనే ఊళ్లయ్యాయి. మన తండాలు గ్రామ పంచాయతీలు కావడానికి 2018 చట్టందాకా ఆగాల్సి వచ్చింది. ఈ తేడా ఎందుకు వచ్చిందో భూమి పట్టాల దగ్గర వెతికితే జవాబు దొరుకుతుంది.

1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది. ధాన్యం మోసిన జనం చెరుకు కొట్టే జనమయ్యారు. సరిహద్దు అవతల మరాఠ్వాడాలోని మన బంధువుల తండాల్లో ఈ పనికి ఒక పద్ధతే ఉంది. భార్యాభర్తలు కలిసి ఒక కోయితా. కొడవలి పేరే జంటకు పేరు. ముందుగా తీసుకున్న బయానా డబ్బు ఉచల్. సీజను నాలుగైదు నెలలు చెరుకు తోట అంచున ఆకులతో వేసుకున్న కొప్పీలో కాపురం. తెల్లవారుజామున చంటిపిల్లను గట్టు మీద పడుకోబెట్టి తల్లి చెరుకు కొడుతుంది. ఆ కొప్పీకి బావి ఎవరూ తవ్వించలేదు, కావలి ఎవరూ పెట్టలేదు. 1867లో సరాయిలో దిగిన ఎద్దుకు చట్టం ఇచ్చిన భద్రత కూడా వాళ్లకు లేదని రాయడానికి మాకు చేయి రావడం లేదు, కానీ అది నిజం. ఇటు బోధన్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయి 2015 డిసెంబరులో మూతపడింది. దగ్గరలో ఉన్న పని పోయాక దూరపు పనే మిగిలింది.

ఇంతలో హైదరాబాద్‌లో బంజారాహిల్స్ వెలిసింది. ఒకప్పుడు మన తండాలున్న గుట్టలవి. అక్కడ బంజారా పేరుతో ఒక నక్షత్రాల హోటలు కూడా కట్టారు. మన పేరు అయినా ఎట్టకేలకు సత్రం లోపలికి పోయిందని మాలో ఒకరు నవ్వుతూ అన్నారు.

సరాయిల రోజులు పోయాయి, లాడ్జీలు వచ్చాయి. మన పిల్లలకు సంబంధించినంతవరకు అసలైన సత్రం ఇంకొకటి. గిరిజన సంక్షేమ వసతి గృహం, ఆశ్రమ పాఠశాల. తల్లిదండ్రులు చెరుకు కొట్టడానికి పోతే పిల్ల కొప్పీలో ఉండాలా బడిలో ఉండాలా అన్నది హాస్టల్లో ఒక ట్రంకు పెట్టె పెట్టుకునే జాగా దొరకడం మీద ఆధారపడి ఉంది. సీజను మొదలయ్యే నెలల్లోనే ఆ జాగా దొరకాలి, జూన్‌లో చేరలేదు కదా అని తిప్పి పంపితే ఆ ఏడాది పోయినట్టే. ఈసారి చెరుకుకు పోయే కుటుంబాల పిల్లల జాబితా దసరాకు ముందే తయారు చేసి హాస్టళ్లకు అందించే పని ప్రతి తండా నుంచి ఇద్దరు యువకులు తీసుకోవాలని కోరుతున్నాం.

ఆ హాస్టళ్లలో వార్డెను, వంటమనిషి, రాత్రి వాచ్‌మన్ ఉంటారు. గోడ మీద ఏ రోజు ఏం పెడతారో రాసిన పట్టిక ఉంటుంది. సాయంత్రం హాజరు తీసుకుంటారు. రిజిస్టరులో పిల్ల పేరు, తండ్రి పేరు, ఆ పక్కన ఊరి పేరు రాసే చోట తండా పేరు రాస్తారు.